చివరి వరసలో పన్నెండో రాయి

"సంతకం పెట్టేస్తాను సార్. మీరిక తిరగడం ఆపేయండి" అన్నాడు మేనల్లుడు.

లాకప్ ఊచలకు అవతల నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మార్చుకోవడానికి చొక్కా ఎవరూ ఇవ్వలేదు. గుండెల మీద మామయ్య రక్తం ఎండి నల్లటి మచ్చ కట్టింది. ఆ మచ్చ కనబడకుండా మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఉన్నాడు.

"దేని మీద సంతకం?"

"నేనే తోశానని. ఇన్‌స్పెక్టర్‌గారు కాగితం తయారుగా ఉంచారు. చదివి వినిపించారు కూడా. బాగానే రాశారు."

"బాగుండటానికి అదేమన్నా శుభలేఖా? నువ్వు తోశావా?"

గోడ వైపు తిరిగాడు.

అతని మామయ్యను ఊళ్ళో అందరూ ముత్తాతల మేస్త్రి అనేవారు. రికార్డు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక, దొరల కాలం నాటి జనన మరణ రిజిస్టర్లు, సమాధి రాళ్ళు పట్టుకుని ఊళ్ళో కుటుంబాలకు వంశవృక్షాలు కట్టిపెట్టేవాడు. ఎవరి ముత్తాత ఎవరో ఆ ఇంటివాళ్ళకంటే ఆయనకే బాగా తెలుసు. మొన్న సాయంత్రం పాత సమాధుల తోటలో, చివరి వరసలో, రాతి గట్టుకు తల పగిలి చనిపోయి కనిపించాడు. ఆ తల ఒళ్ళో పెట్టుకుని మేనల్లుడు కూర్చుని ఉండగా తోట కాపలాదారు చూశాడు. అంతకు ముందురోజు మామా అల్లుళ్ళు గొడవపడటం ఇరుగుపొరుగు విన్నారు. ఇన్‌స్పెక్టర్‌కు ఇంకేం కావాలి?

"గొడవ దేనికి?" అడిగాను.

"ఎండలో పడి తిరగొద్దన్నాను. వినకపోతే ఆ కాగితాలన్నీ పోగేసి తగలబెడతానన్నాను. కోపంలో అన్నమాట సార్."

"ఎవర్ని తిరగొద్దన్నావు?"

అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు. "మామయ్యని. ఇంకెవర్ని?"

"ఆ తోటకి మామయ్యతో పాటు ఎవరైనా..."

"ఎవరూ లేరు. ఆయనొక్కడే." నా ప్రశ్న సగంలోనే జవాబు వచ్చేసింది. "ఎప్పుడూ ఒక్కడే వెళ్తాడు."

"మొన్న పగలంతా నువ్వెక్కడున్నావు?"

"లేత్ మిషను దగ్గర. షాపు తీసిన దగ్గర్నుంచి కట్టేసేదాకా. ఇంటికొచ్చి చూస్తే మామయ్య లేడు. వెతుక్కుంటూ వెళ్ళాను." ఊచల మధ్య నుంచి నా వైపు చూశాడు. "సార్, అమ్మ దగ్గరికి వెళ్ళకండి. ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు. మిమ్మల్ని పెట్టుకోమని నేను చెప్పలేదు. ఆవిడే వచ్చింది మీ దగ్గరికి."

"నువ్వు జైలుకెళ్తే ఆవిడ ఒంట్లో బాగుంటుందా?"

తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ముప్పై దాటిన మనిషి, బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

వెనక నుంచి చప్పట్లు వినబడ్డాయి. ఇన్‌స్పెక్టర్.

"అయిందా గురువుగారూ, పాఠం?" అన్నాడు. ఒకప్పుడు వేలిముద్రల విభాగంలో నా కింద పనిచేశాడు. అప్పుడు గౌరవంతో పిలిచిన పిలుపునే ఇప్పుడు చెవిలో పుల్ల పెట్టినట్టు వాడుతుంటాడు. "ముద్దాయి ఒప్పుకుంటున్నాడు. కాదు కాదని మీరు బతిమాలుతున్నారు. ఇలాంటి డిటెక్టివ్‌ని నేనెక్కడా చూడలేదు."

"ఒప్పుకోలేదు. సంతకం పెడతానన్నాడు. రెండూ ఒకటి కాదు."

"కోర్టుకి ఒకటే."

"శవం పక్కన లంచ్ డబ్బా మూత తియ్యకుండా ఉంది. నీళ్ళ సీసా నిండుగా ఉంది. సాయంత్రం దాకా ఎండలో పనిచేసిన మనిషి గుక్కెడు నీళ్ళు తాగడా? ఆయన పొద్దున్నే చనిపోయాడు. పొద్దున ఇతను లేత్ షాపులో ఉన్నాడు."

"దాహం వెయ్యలేదేమో. చచ్చిపోయినవాడి ఆకలిదప్పుల గురించి నేను వాదించలేనండీ. శవం పగలంతా ఎండలో పడుంది, వేళ కచ్చితంగా చెప్పలేనన్నాడు డాక్టరు. నాకు తెలిసిందల్లా ఒకటే. వీడి చేతులకి రక్తముంది." బల్ల మీద ఫోటోలు నా ముందుకు తోశాడు. "చూసుకోండి. మీరంటే నాకేం పగ లేదు."

పగ లేదన్నది నిజమే. తొందర ఉంది, అంతే.

ఫోటోల్లో చిన్న చిన్న సమాధి రాళ్ళ వరస. వాటి వెనక ఎత్తయిన గోడ. రాళ్ళ ముందు వెల్లకిలా పడిన మనిషి. కాస్త దూరంలో ఓ పెద్ద సమాధికి ఆనించి నిలబెట్టిన అద్దం. బీరువా తలుపుకి బిగించేలాంటిది, చెక్క చట్రంతో.

"ఈ అద్దం దేనికి?"

"తల దువ్వుకోవడానికేమో."

"ఆయనకి బట్టతల."

ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకున్నాడు. "రేపు పొద్దున వీణ్ణి అక్కడికే తీసుకెళ్తున్నాను, ఎలా తోశాడో చూపించడానికి. అటునుంచి అటే కోర్టుకి. ఆలోపు అద్దంలో మీకేమన్నా కనబడితే చెప్పండి."

* * *

ముత్తాతల మేస్త్రి, ఆయన చెల్లెలు, ఆమె కొడుకైన ఈ మేనల్లుడు ఒకే ఇంట్లో ఉండేవారు. ఆయన గదిలో గోడలు కనబడవు. పైనుంచి కిందిదాకా వంశవృక్షాలు అతికించి ఉన్నాయి. బతికున్నవాళ్ళ పేర్లు నల్ల సిరాతో, పోయినవాళ్ళవి నీలం సిరాతో. గది మొత్తం మీద నీలమే ఎక్కువ.

చెల్లెలు గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"కూర్చో అక్కా" అన్నాను.

"మీరు చూసుకోండి బాబూ. ఆయన ఉన్నప్పుడు ఈ గదిలోకి నన్ను రానిచ్చేవాడు కాదు. చీపురు తగిలి ఎవరి తాతో ఎగిరిపోతాడని భయం."

నవ్వబోయి ఆగిపోయింది.

ఒక వంశవృక్షం దగ్గర ఆగాను. ఒకే పేరు మూడుసార్లు రాసి, రెండింటిని కొట్టేసి ఉంది. "ఇదేమిటి? తప్పు రాశారా?"

"తప్పు కాదు. ఆ రోజుల్లో అంతేనట. పురిట్లో బిడ్డ పోతే, తరవాత పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు పెట్టేవాళ్ళు. వాడూ పోతే ఆ తరవాతవాడికి." ఆమె గుమ్మం చెక్కను వేలితో రుద్దుతోంది. "మొదట్లో ఇది అన్నయ్యకి తెలీదు. ఇద్దరు పిల్లల్నీ కలిపి ఒక్కడిగా రాసేశాడు. నెల తిరక్కుండా పోయిన పసిగుడ్డుకి పెళ్ళి చేసి ఆరుగురు పిల్లల్ని పుట్టించాడు. ఆ వంశవృక్షానికి అద్దం చట్రం కట్టించి ఇస్తే, వాళ్ళింట్లో ముసలావిడ చూసి ఏమందో తెలుసా? 'మా బాబాయి ఉయ్యాల్లోంచే కాపురం చేశాడా నాయనా' అంది."

"పాపం."

"తల కొట్టేసినట్టయింది ఆయనకి. అప్పట్నుంచీ ఒకటే పట్టుదల. రిజిస్టరులో పేరుంటే చాలదు, రాయి చూడాలి. రాయుంటే చాలదు, రిజిస్టరులో పేరుండాలి. రెండూ కలవకపోతే నిద్రపోడు. ఎదురుగా మనిషి ఏడుస్తున్నా సరే, రాయి మీద ఉన్నదే రాస్తానంటాడు."

బల్ల మీద సమాధుల తోట పని ఉంది. ఒక్కో వరసకి ఒక్కో కాగితం. ఏ రాయి ఎవరిది, రిజిస్టరులో ఎక్కడుంది అంతా చక్కగా రాసుకున్నాడు. చివరి వరస కాగితం మాత్రం లేదు. దొరల కాలంలో ఏదో విషజ్వరం వచ్చిన ఏడాది పోయిన పసిపిల్లల వరస అది. పాత రిజిస్టరు నుంచి ఎత్తి రాసుకున్న పేర్లు పదకొండు. పక్కన పెన్సిలుతో 'రాళ్ళు పన్నెండు' అని రాసి, ప్రశ్నార్థకం వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"ఈ వరస కాగితం ఏమైంది అక్కా?"

"ఏమో బాబూ. ఆయన వెంట తీసుకెళ్ళుంటాడు."

"శవం దగ్గర దొరకలేదు."

"గాలికి ఎగిరిపోయిందేమో."

"అద్దం ఎందుకు తీసుకెళ్ళేవాడు?"

"ఆయన వస్తువుల సంగతి నాకేం తెలుస్తుంది? నేనెప్పుడూ వెళ్ళలేదుగా అక్కడికి." ఆగి, మళ్ళీ తనే అంది: "పెళ్ళయిన కొత్తలో ఆ తోట గోడ పక్క ఇంట్లోనే కాపురముండేవాళ్ళం. అయినా లోపలికి అడుగుపెట్టలేదు."

అద్దం ఎందుకో నాకు అప్పటికే అర్థమైంది. వేలిముద్ర కనబడాలంటే దీపం నెత్తిన కాదు, పక్కనుంచి పట్టాలి. అరిగిపోయిన రాతి మీద అక్షరాలూ అంతే. ఎండని అద్దంతో పట్టి రాతి ముఖం మీద అడ్డంగా పారిస్తే, కంటికి ఆనని గీత కూడా నీడ కట్టి పైకి లేస్తుంది. అద్దం ఎటువైపు నిలబడిందో చూస్తే, అప్పుడు సూర్యుడు ఎటువైపున్నాడో తెలుస్తుంది.

"వాడు బయటికొస్తాడా?" చెల్లెలు అడిగింది. నేను వచ్చినప్పటినుంచీ ఆమె అడగాలనుకున్న ప్రశ్న అదొక్కటే.

"మీ అన్నయ్య పోయింది పొద్దున అని రుజువు చెయ్యగలిగితే వస్తాడు."

"అంటే, సాయంత్రం కాదని తేలితే చాలా? వాడి మీద ఇంక ఏమీ ఉండదా?"

"ఏమీ ఉండదు."

గోడ మీది పేర్లన్నీ ఒకసారి చూసింది.

"చెయ్యండి" అంది చివరికి. "దానికి ఏం చూపించాలంటే అది చూపించండి. రేపు నేనూ వస్తాను."

* * *

మర్నాడు పొద్దున మేము చేరేసరికి ఇన్‌స్పెక్టర్ జీపు తోట గేటు దగ్గర ఆగి ఉంది. వెనక సీట్లో మేనల్లుడు, చేతులకు బేడీలు. తల్లి జీపు పక్కన ఆగింది. కొడుకు ఆమెను చూసి, "నువ్వెందుకొచ్చావమ్మా? ఇంటికి వెళ్ళిపో" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయముంది. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని చెంప తడిమి, మా వెనకే లోపలికి నడిచింది.

చివరి వరస దక్షిణపు గోడ కింద ఉంది. రాళ్ళన్నీ గోడకు వీపు పెట్టి ఉత్తరానికి చూస్తున్నాయి. మోకాలెత్తు కూడా లేవు. గోడ నీడ వాటిని దాటి ముందుకు పడుతోంది. ఆ ముఖాల మీద నేరుగా ఎండ పడే వీలు లేదు. వరస పడమటి చివర, నీడకి అవతల, ఎవరో దొరగారి పెద్ద సమాధి. వరస ముందున్న రాతి గట్టు మీద మరక ఇంకా ఉంది.

నేను రాళ్ళు లెక్కపెట్టాను. పన్నెండు. ఆ పన్నెండోది, ఆయన పడిపోయిన చోట ఉన్నది, మిగతావాటికంటే చిన్నది. పలకరాయి. ముఖమంతా నాచు.

"కానివ్వండి గురువుగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అద్దం ఎక్కడ దొరికింది?"

"దొరగారి సమాధికి ఆనించి. ఫోటోలో చూశారుగా."

"ముఖం ఎటుంది?"

"తూర్పుకి."

"తూర్పుకి. పొద్దుటెండ ఆ అద్దంలో పడి ఇటు రాళ్ళ మీదికి తిరుగుతుంది. సాయంత్రం సూర్యుడు ఆ సమాధి వెనక్కి పోతాడు. అప్పుడు ఎండ అద్దం వీపుకి తగులుతుంది. సాయంత్రం పనిచేసేవాడు అద్దాన్ని ఆ తూర్పు కొసకి మోసుకెళ్ళాలి. అటు గడ్డి కూడా నలగలేదు. ఆయన పొద్దున మొదలుపెట్టాడు, అద్దం చోటు మారకముందే పోయాడు. నీళ్ళూ అన్నమూ ముట్టకముందే."

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "బాగుంది. కానీ అద్దంతో రాళ్ళు చదవడమనేది మీరు చెబుతున్న కథ. మేజిస్ట్రేటు ముందు నేను అద్దాల కథ చెబితే నన్ను నా ముఖం చూసుకోమంటారు. ఇదిగో అద్దం, ఇదిగో ఎండ. చదివి చూపించండి. ఏ రాయి దగ్గర పడ్డాడో ఆ రాయే."

కానిస్టేబుల్ జీపులోంచి అద్దం తెచ్చాడు. నేను రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అతను దొరగారి సమాధి దగ్గర నిలబడి అద్దం ఎత్తాడు. ఎండ ముక్క గోడ మీద ఎగిరింది, నా కళ్ళలో కొట్టింది, చెట్టెక్కింది.

"కోతికి అద్దమిచ్చినట్టుంది. ఇలా తే" అని ఇన్‌స్పెక్టర్ తానే అందుకున్నాడు. అతనూ అంతే. రాయి మీద వెలుతురు పడుతుంది, కానీ ఎదురుగా పడుతుంది, నాచు మెరుస్తుంది. పక్కకి పట్టమంటే జారిపోతుంది. పట్టినా క్షణం నిలవదు. చెయ్యి వణికితే చాలు, వెలుతురు బారెడు దూరం పోతుంది.

అప్పుడు నాకు తట్టింది. నిన్న ఆ గదిలోనే తట్టవలసింది. అద్దం పట్టుకున్నవాడు చదవలేడు, చదివేవాడు అద్దం పట్టుకోలేడు. ఇది ఒక్కడు చేసే పని కాదు.

ఒక్కడే వెళ్తాడని మేనల్లుడు నా ప్రశ్న పూర్తి కానివ్వకుండా ఎందుకన్నాడు?

"ఏమన్నా కనబడిందా?" ఇన్‌స్పెక్టర్ కేకేశాడు.

"లేదు."

"ఇంకోసారి?"

"ఆపేద్దాం" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఆ క్షణంలో నాకే పూర్తిగా తెలియదు.

ఇన్‌స్పెక్టర్ అద్దం దించాడు. చెమట తుడుచుకుని, కాస్త జాలిగానే అన్నాడు: "చూశారుగా. మీ అద్దం సాక్ష్యం చెప్పనంటోంది. నేను వాణ్ణి దించి పని కానిస్తాను. కోర్టు టైమవుతోంది."

"ఆగండి బాబూ."

చెల్లెలు. అంతసేపూ మా వెనక, చెట్టు నీడలో నిలబడి ఉంది. నడిచొచ్చి ఇన్‌స్పెక్టర్ చేతుల్లోంచి అద్దం తీసుకుంది.

"అక్కా, వద్దు" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. సమాధి పక్కగా రెండడుగులు వెనక్కి వేసి, చట్రం కింది అంచు నడుముకి ఆనించుకుంది, బిందె పెట్టుకున్నంత సులువుగా. మోచెయ్యి ఒంటికి అదిమింది. ఎండ ముక్క గోడ మీద వాలి, నిదానంగా కిందికి దిగి, రాతి ముఖం మీద చదునుగా పరుచుకుంది. పరుచుకుని అక్కడే నిలిచిపోయింది.

నాచు కింద గీతలు లేచాయి. ఉలితో చెక్కినవి కావు. మేకుతో గీసినవి, వంకరగా, ఒకదాని మీద ఒకటి పడేలా. ముందొక పేరు. దాని కింద తేదీ. ఆ కింద ఇంకో తేదీ.

ఇన్‌స్పెక్టర్ నా భుజం మీదుగా వంగాడు. పేరు పైకే చదివాడు. అది మేనల్లుడి పేరు.

"ఓహో. మీ పూర్వీకుడిదా? ఆయన పేరే వాడికీ పెట్టుకున్నారన్నమాట" అన్నాడు ఆమెతో. అతను నిటారుగా నిలబడి ఒక్క నిట్టూర్పు విడిచాడు. "సరే గురువుగారూ. ఒప్పుకుంటున్నాను. అద్దం పొద్దున్నే వాడారు. ఆ లేత్ షాపువాళ్ళని పిలిపించి రాయించుకుంటాను." గేటు వైపు తిరిగి గట్టిగా అరిచాడు: "బేడీలు తీసెయ్! పంపించు వాణ్ణి!"

చెల్లెలు కళ్ళు మూసుకుంది. అద్దం కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో రాయి వివరం కూడా ఎక్కిద్దామని పుస్తకం తీసి మళ్ళీ వంగాడు. పేరు రాశాడు. తేదీ రాస్తూ సగంలో పెన్ను ఆపాడు.

"ఇదేంటి?" అన్నాడు మెల్లగా. "ఈ తేదీ మొన్న నేనే రాశాను. వాడి అరెస్టు కాగితం మీద. ఇది వాడు పుట్టిన తేదీ." వేలు కిందికి జరిపాడు. రెండో తేదీకీ దానికీ మధ్య మూడు వారాలు కూడా లేవు. "అంటే ఈ పిల్లాడు..."

"నా కొడుకు" అంది ఆమె.

గేటు దగ్గర జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నా మొదటి కొడుకు. అప్పుడు మా ఆయన వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. ఆసుపత్రి నర్సు, నేను, ఇద్దరమే. గోడవతల ఇల్లు కదా, ఈ పిల్లల పక్కన పెడితే ఒంటరిగా ఉండడనుకున్నాను. ఆ వారమే తల్లి పోయిన బిడ్డనొకణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది నర్సు. ఎవరూ రాలేదు వాడికోసం. పేరుంది, కాగితాలున్నాయి, పాలున్నాయి. మొదటివాడివన్నీ వీడికి ఇచ్చేశాను." గొంతు ఎక్కడా హెచ్చలేదు. "రాయి పీకేద్దామని రెండుసార్లు వచ్చాను. చేతులు రాలేదు."

"మీ అన్నయ్యకి తెలుసా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అతని గొంతు కూడా తగ్గిపోయింది.

"ఏడాదిగా ఈ అద్దం నేనే పడుతున్నాను బాబూ. ఒక్కో వరసా అయిపోతోంది. మానేద్దామనుకున్నాను. మానేస్తే ఇంకెవరో పడతారు. నేనైతే వెలుతురు నా చేతిలో ఉంటుంది కదా, ఈ రాయి దగ్గర తప్పిద్దామనుకున్నాను. తప్పించాను కూడా. కాస్త కిందికి చెల్లాయ్, కాస్త కిందికి అని అడిగీ అడిగీ, విసుగొచ్చి వేలితో తడిమాడు. వేలితోనే చదివేశాడు."

మేనల్లుడు గేటు దాటి కాలిబాట ఎక్కాడు. మణికట్లు రుద్దుకుంటూ వస్తున్నాడు.

"కాగితం మీద రాసుకున్నాడు. అన్నయ్యా, ఇదొక్కటి వదిలెయ్యి అన్నాను. రాయి మీద ఉన్నది రాయాలి కదమ్మా అన్నాడు. అద్దం పక్కన పెట్టి కాగితం లాక్కున్నాను. ఆయన వదల్లేదు. నేనూ వదల్లేదు. కాగితం నా చేతికొచ్చేసింది, ఆయన వెనక్కి పడ్డాడు." రాతి గట్టు వైపు చూసింది. "కాగితం తీసుకుని వెళ్ళిపోయాను. ఊపిరుందో లేదో చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. తిట్టమన్నా తిట్టలేని ముఖంతో చూశాడు. మేనల్లుడు అప్పటికే సగం దూరం వచ్చేశాడు.

"అక్కా" అన్నాను. "అద్దం దించు. వాడొస్తున్నాడు."

"దించితే వాణ్ణి మళ్ళీ తీసుకుపోతారు."

"పోరు. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. అయిపోయింది, దించు."

"సగమే రాశాడు" అంది. ఆమె చూపు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఆగిపోయిన పెన్ను మీద ఉంది. "నేను చూస్తున్నాగా. పూర్తిగా రాయనివ్వండి."

"నేను రాయనక్కర్లేదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను నా కింద పనిచేసిన రోజుల్లో కూడా అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. "దించండి."

ఆమె నమ్మలేదు. రెండు రోజులుగా తన కొడుకుని లోపల పెట్టిన మనిషిని ఎందుకు నమ్ముతుంది? మోచేతులు ఒంటికి ఇంకా గట్టిగా అదుముకుంది. వెలుతురు రాయి మీదే ఉంది.

మేనల్లుడు వచ్చేశాడు. మా ఎవరి ముఖమూ చూడలేదు. నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళాడు.

"ఎంతసేపట్నుంచి పట్టుకున్నావు? చేతులు పడిపోతాయి. ఎండలో నిన్నిలా నిలబెట్టొద్దనే కదా మామయ్యతో గొడవపడింది" అన్నాడు. అద్దం చట్రం మీద చెయ్యి వేశాడు. "ఇలా ఇవ్వు. నాకూ వచ్చు."

ఆమె ఇవ్వలేదు. తల అడ్డంగా ఊపింది.

అతను అర్థం కానట్టు చూసి, ఆమె చూపు పోతున్న వైపు తిరిగాడు. నేను లేచి అతనికి ఎదురు వెళ్ళాను. నన్ను దాటుకుని ముందుకు నడిచాడు. వెలుతురు పడిన చోట వంగి, "ఎవరిదమ్మా ఈ రాయి?" అన్నాడు.

వంగగానే అతని నీడ పేరు మీద పడింది.

ఆమె పెదవులు తడుపుకుంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసింది, నన్ను చూసింది. పుస్తకంలో సగం రాసి ఆగిన తేదీని చూసింది.

"కొంచెం పక్కకి జరుగు నాన్నా" అంది. "వెలుతురుకి అడ్డమొస్తున్నావు."